బండి వెనక బావగారు

ఆ మంగళవారం పొద్దున మహాదేవప్ప నేలకు మూరెడు ఎత్తున, చేతిలో చాయ గ్లాసుతో, కాసేపు ఉన్నాడు. తర్వాత అల్లం కడిగే తొట్టిలో కూర్చున్నాడు. ఈ రెంటికీ మధ్య చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. చాయ ఒలకలేదు. ఒక చెప్పు తొట్టిలో తేలింది, రెండోది ఫోర్క్‌లిఫ్టు వెనక చక్రం కింద దొరికింది. ఆయన తొట్టిలోంచి లేవకుండానే మిగిలిన చాయ తాగి, గ్లాసు గట్టు మీద పెట్టి, "తువాల ఇయ్యున్రి" అన్నాడు.

ఇంతకూ ఆయన గాల్లోకి ఎందుకు లేచాడంటే, అది ఆయన ఉద్యోగం గనక.

జహీరాబాద్ దాటి చిరాగ్‌పల్లి వైపు పోతుంటే హైవే పక్కన వికాస్ సేటు అల్లం గోదాం ఉంది. కోహీర్, మొగుడంపల్లి చేలల్లోంచి వచ్చిన అల్లాన్ని అక్కడ కడిగి, ఏరి, సంచులకెత్తి ముంబై లారీల్లోకి ఎక్కిస్తారు. ఎక్కించేది ఫోర్క్‌లిఫ్టు. ముందున్న రెండు ఇనుప ఫోర్కులతో సంచుల దొంతరను పైకెత్తుతుంది. ఆ బరువుకు బండి ముందుకు తూలిపోకుండా దాని వెనక ఒక పెద్ద ఇనుప దిమ్మె ఉంటుంది. సంచులు మరీ ఎక్కువైతే ఆ దిమ్మె చాలదు. వెనక చక్రాలు నేల విడిచేస్తాయి. అలాంటప్పుడు ఎవరైనా నాలుగు సంచులు తీసేస్తారు. ఈ గోదాంలో మాత్రం సంచులు తీయరు, దిమ్మె మీద మనిషిని కూర్చోబెడతారు. ఆ మనిషి మహాదేవప్ప.

ఆయన ఒకప్పుడు పేరున్న హమాలీ. సంచులు మోసీ మోసీ మోకాళ్లు అరిగిపోయాయి గానీ ఒళ్లు మాత్రం ఒక్క సంచికీ తగ్గలేదు. ఆ ఒళ్లే ఆయనకు కొత్త కొలువు ఇప్పించింది. గోనెపట్టా నాలుగు మడతలు వేసి దిమ్మె మీద పరుచుకుని, నుదుట విభూతి రేఖలతో, పంచె సర్దుకుని కూర్చుంటే ఊరేగింపుకు బయలుదేరిన దేవుడిలా ఉండేవాడు. ముంబై లారీ డ్రైవర్లు ఆయన్నే సేటు అనుకుని నమస్తే పెట్టేవారు. ఆయన కాదనేవాడు కాదు.

ఇక బండి నడిపేది శరణమ్మ. ఆమె మహాదేవప్ప తమ్ముడు సంగయ్య భార్య.

చిక్కంతా అక్కడే ఉంది. శరణమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి ఇంతవరకూ బావతో ఒక్క మాట నేరుగా మాట్లాడలేదు. ఆయన వస్తే లేచి నిలబడుతుంది, కొంగు నెత్తి మీదికి లాక్కుంటుంది. అన్నం తయారైతే తలుపుతో చెబుతుంది, "అన్నం అయ్యిందట" అని. కూరలో ఉప్పు తక్కువైతే ఆయనా ఆ తలుపుకే చెబుతాడు. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ మాటలు విన్నది తలుపే. అలాంటిది, బావ ఉండగా మంచం మీద కూడా కూర్చోని మనిషి ఆయన్ను వెనక పెట్టుకుని సీటెక్కి బండి నడపడం ఎలాగని మొదట్లో ఇద్దరూ ఇబ్బంది పడ్డారు. ఆయన వెనక్కి తిరిగి కూర్చుంటాడు, ఆమె ముందుకు చూస్తుంది. వీపూ వీపూ చూసుకుంటే తప్పు లేదని ఎవరికి వారే తీర్పు చెప్పుకున్నారు.

శరణమ్మ ఆ సీటు ఎక్కడం కూడా అంత సులువుగా జరగలేదు. అంతకుముందు ఆమె షెడ్డులో మిగతా ఆడవాళ్లతో పాటు నేల మీద కూర్చుని అల్లం ఏరేది. ఒకసారి మహిళా సంఘం మీటింగులో, ఆడవాళ్లకు ఫోర్క్‌లిఫ్టు నడపడం నేర్పుతున్నారు, ఎవరైనా వస్తారా అని అడిగారు. అందరూ నవ్వారు. నవ్వడం అయ్యాక చూస్తే శరణమ్మ చెయ్యి పైకే ఉంది. చీర మీద సంగయ్య పెళ్లిళ్ల చొక్కా వేసుకుని శిక్షణకు పోయింది. ఆ నెలలో పెళ్లికి పోవాల్సి వచ్చిన సంగయ్య చొక్కా కోసం ఇల్లంతా వెతికి, చివరికి బనీను మీద తువాల కప్పుకుని పోయాడు.

నేర్చుకుని వచ్చిన మొదటి రోజున ఆమె వెనక్కి పోబోయి ముందుకు పోయింది. ఎదురుగా వికాస్ సేటు ముందురోజే కట్టించిన బోర్డు ఉంది. దానికి పడిన రెండు బొక్కలు ఇప్పటికీ ఉన్నాయి. కుడివైపు దానిలో పిచ్చుకలు కాపురం పెట్టాయి.

శిక్షణలో చెప్పినవాటిలో ఒక్క మాట మాత్రం శరణమ్మకు బాగా పట్టుబడింది. రోజూ తాళంచెవి తిప్పే ముందు బండి చుట్టూ తిరిగి చూడాలి, నడిపించి చూడాలి, కూత పెట్టించి చూడాలి. ఈ తంతు ఆమెకు కొత్త కాదు. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు తనను ఇలాగే చూశారు. వాకిట్లో ఇటు నుంచి అటు నడిపించారు, జడ విప్పించారు, ఏదో ఒకటి చదవమన్నారు. ఆ రోజు పెద్దమనిషిగా కూర్చుని చూసింది మహాదేవప్పే. "కాలు జర ఈడ్సినట్టున్నది, మల్ల ఒక్కసారి నడువమనున్రి" అన్నది కూడా ఆయనే. ఆ మాట శరణమ్మ మరిచిపోలేదు. బండి విషయంలో మాత్రం దాన్ని మంచికే వాడుకుంది. ఒక్కసారి నడిపించి అనుమానం వస్తే మళ్లీ నడిపించేది.

తొట్టి ముచ్చటను గోదాంలో అందరూ నవ్వేసి వదిలేశారు. "ఏం కాలే గదా" అన్నాడు వికాస్ సేటు. నవ్వనిది శరణమ్మ ఒక్కతే. పైకి లేచిన వెనక చక్రాలు దబ్బున నేలకు పడ్డ క్షణంలో ఆమె వెనక్కి తిరిగి చూసింది. చూసినప్పుడు బావ బండి మీద లేడు. చక్రం కింద చెప్పు మాత్రం ఉంది. అందులో కాలు లేదని ఆమెకు తేలడానికి కాస్తసేపు పట్టింది. సాయంత్రం ఇంట్లో అల్లం వాసన కొడుతూ, తుమ్ముతూ కూర్చున్న బావకు మంచినీళ్ల చెంబు తెచ్చి గడప మీద పెట్టింది. తలుపు ముందు నిలబడింది గానీ తలుపుతో ఏం చెప్పాలో తోచక లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున గోదాం ముందు లారీ ఆగి ఉంది. శరణమ్మ బండి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. చక్రాలు చూసింది. ఫోర్కులు వేళ్లతో తడిమి పగుళ్లు లేవనుకుంది. గొలుసు చూసింది, కింద నూనె కారిందేమోనని వంగి చూసింది. హారన్ నొక్కితే గొంతు బొంగురుపోయిన కోడిలా అయినా పలికింది. సీటు బెల్టుకు నర్సింలు టిఫిన్ డబ్బా కట్టి ఉంది. నర్సింలు ఆ గోదాంలో రెండో డ్రైవరు. అతను బెల్టు పెట్టుకున్న దాఖలా లేదు గానీ అతని చపాతీలు మాత్రం రోజూ భద్రంగా ప్రయాణం చేస్తాయి. డబ్బా విప్పి పక్కన పెట్టింది.

చివరికి సీటు ముందున్న రేకు పలక దగ్గర ఆగింది.

బండి ఎంత బరువు ఎత్తాలో రాసి ఉండే పలక అది. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎంతో మాత్రం ఎవరికీ తెలియదు. బండి మొత్తంలో బొట్టు పెట్టడానికి వీలుగా సాపుగా ఉన్న చోటు అదొక్కటే. దసరాకు పసుపు, అమావాస్యకు కుంకుమ, సోమవారాలు మహాదేవప్ప చేతి విభూతి. ఒక దాని మీద ఒకటి పేరుకుపోయి పలక గోడకు పూసిన సున్నంలా గట్టిపడింది. అంత భక్తిగా పూజలందుకున్న అక్షరాలు ఇంకెక్కడా ఉండవు, అంత ఖచ్చితంగా ఎవరూ చదవనివీ ఉండవు.

శరణమ్మ తన టిఫిన్‌లోంచి చింతపండు ముద్ద తీసి, నీళ్లు చల్లి, రాగి చెంబు తోమినట్టు పలకను తోమసాగింది.

"అయ్యో! బండి బొట్టు తుడుస్తున్నది!" అని షెడ్డులోంచి ఒక ముసలమ్మ కేక పెట్టింది. ఏరుతున్న ఆడవాళ్లంతా లేచి వచ్చారు. బొట్టు తుడవడం అంటే మాటలా. అప్పుడే గోనెపట్టా చంకలో పెట్టుకుని వస్తున్న మహాదేవప్ప నిలబడిపోయాడు. కోపం వస్తే ఆయనకు కన్నడమే వస్తుంది. కాసేపు అందులోనే మాట్లాడి, తర్వాత సూపర్‌వైజర్ సాల్మన్ వైపు తిరిగాడు.

"సాల్మన్, బొట్టు తుడిచినోళ్లను అడుగు, ఇది గోదామా శ్మశానమా అని."

"సాల్మన్ అన్నా," అంది శరణమ్మ తోమడం ఆపకుండా, "బండికి నుదురు పైన ఉన్నది. వీళ్లు ఇన్నొద్దులు నోటి మీద బొట్టు పెట్టిన్రు. గందుకే అది మాట్లాడలేకపోయింది. చెప్పు."

సాల్మన్ నెమ్మదైన మనిషి. ఆదివారం చర్చిలో పాటలు పాడించేది అతనే. బావకూ మరదలికీ మధ్య నిలబడి అతను ఎవరి మాటా ఎవరికీ మోయలేదు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు బాగానే విన్నారు కదా. వంగి పలక మీది అంకెలు చదివాడు.

"పదిహేను క్వింటాళ్లట చెల్లె."

"నిన్న ఎంత ఎత్తిచ్చిన్రు?"

సాల్మన్ లారీ వైపు చూసి, ఆకాశం వైపు చూసి, "ఇరువై దాటింది" అన్నాడు.

శరణమ్మ చేతులు కడుక్కుని, తాళంచెవిని కొంగున ముడేసుకుని, ఆ కొంగు నడుముకు దోపుకుంది. కొత్త కుంకుమ తెచ్చి బండి నుదుటి మీద పెద్ద బొట్టు పెట్టింది. ఆడవాళ్లు కొంచెం కుదుటపడ్డారు. మహాదేవప్ప మాత్రం ఏమీ జరగనట్టు గోనెపట్టా పరుచుకుని వెనక దిమ్మె ఎక్కి కూర్చున్నాడు.

"సాల్మన్ అన్నా, బండి మీద ఎవ్వరో కూసున్నరు. దిగమను."

"సాల్మన్, నేను దిగనని చెప్పు. నా జాగల నేను కూసున్న."

"నిన్న గా జాగలకెళ్లే తొట్టిల పడ్డరని చెప్పు."

"తొట్టిల పడితె ఏమైంది? స్నానమైంది. చెప్పు."

"ఇయ్యాల తొట్టి లేని దిక్కు పడితె ఏమైతదో అడుగు."

తల ఇటూ అటూ తిప్పీ తిప్పీ సాల్మన్‌కు మెడ పట్టుకుంది. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. ఆ చప్పుడుకు ఆఫీసు గదిలోంచి వికాస్ సేటు వచ్చాడు. మనిషి సన్నగా, ఇస్త్రీ చొక్కాలో ఉంటాడు. తండ్రి తర్వాత గోదాం చూసుకుంటున్నాడు. చెడ్డవాడు కాదు, తొందర ఎక్కువ.

"ఏందిది? లారీ నిలబడ్డది, బండి నడుస్తలేదు?"

సాల్మన్ చెప్పాడు. వికాస్ శరణమ్మ వైపు చూశాడు, వెనక కూర్చున్న బావ వైపు చూశాడు. ముఖం విప్పారింది.

"ఓ, గిదా సంగతి! బావ ఎన్క కూసుంటె నీకు ఇబ్బంది అయితున్నది. ముందుగాల్నే చెప్పొచ్చు గదా శరణమ్మా. ఇంటి మర్యాద ఇంటిది. మహాదేవప్పను దించుదాం, కోహీర్‌కెళ్లి మా బామ్మర్దిని పిలిపిస్త. వాడు సుత గింతే ఉంటడు."

అక్కడున్న అందరికీ ప్రాణం లేచొచ్చింది. మహాదేవప్పకు కూడా. మరదలు మర్యాద కోసం దిగడంలో చిన్నతనం ఏముంది? అది పెద్దరికమే. పంచె సర్దుకుని దిగడానికి సిద్ధమయ్యాడు. సాల్మన్ అయితే కళ్లతో బతిమాలాడు, "ఊ అను చెల్లె, ఊ అను" అని. ఒక్క ఊతో బావ దిగుతాడు, సీటు తనకే ఉంటుంది, ఇంట్లో పేరూ నిలబడుతుంది. ఇంత చవకగా దొరికే గెలుపు ఇంకోటి ఉండదు.

శరణమ్మ ఆ ఊను నాలుక చివరి దాకా తెచ్చుకుంది. అక్కడే దాన్ని మింగేసింది.

"మర్యాద కాదు సేటూ. మా బావ ఒక్కడే కాదు, ఎవ్వరు ఎన్క కూసున్నా నేను బండి తియ్య. మీ బామ్మర్ది సుత ఒక తల్లి కన్న కొడుకే. మనిషి బరువు కాదు. సంచులు తగ్గియ్యున్రి."

మహాదేవప్ప మళ్లీ గట్టిగా కూర్చున్నాడు.

వికాస్ ముఖం మారిపోయింది. పదిమంది ముందు, అందులోనూ లారీ డ్రైవరు ముందు, తను చూపించిన దారి వద్దన్నారు.

"అయితె తాళంచెవి ఇయ్యి. నర్సింలు నడుపుతడు. నువ్వు పోయి షెడ్డుల అల్లం ఏరుకో."

షెడ్డులో నేల మీద ఆమె ఖాళీ చేసిన జాగా ఉంది, పక్కనే మొద్దుబారిన కత్తీ, పాత గోనె ముక్కా. శరణమ్మ ఒకసారి అటు చూసింది. కొంగు ముడి విప్పింది. ముడి గట్టిగా పడింది, పంటితో లాగాల్సి వచ్చింది. తాళంచెవి తీసి సీటు మీద పెట్టింది. తర్వాత బండి చుట్టూ నడిచి వెనక్కి వచ్చింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ రానంత ఎదురుగా వచ్చి, కొంగు నెత్తి మీదికి లాక్కుని, ఆయన కళ్లలోకి చూసింది.

"బావా, దిగుండ్రి."

మహాదేవప్ప దిగాడు. ఎందుకు దిగాడో ఆయనకు కూడా తెలియదు. దిగాక, ఇప్పుడు మాట్లాడింది ఎవరా అన్నట్టు చుట్టూ చూశాడు. తలుపు మాట్లాడినా ఆయన అంత ఉలిక్కిపడేవాడు కాదేమో.

శరణమ్మ సేటు వైపు తిరిగింది.

"తాళంచెవి గక్కడున్నది. నర్సింలు నడుపనియ్యి. గని బరువు గావాల్నంటె ఊరోళ్లెందుకు, గోదాం నీది, నువ్వే కూసో."

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. లారీ డ్రైవరు బీడీ వెలిగించుకుని బోనెట్‌కు ఆనుకున్నాడు, ఇక తొందర లేనట్టు. వికాస్ చెవులు ఎర్రబడ్డాయి. "కూసోనా? నాకేం భయమా?" అని ఒక్క ఊపున దిమ్మె ఎక్కి, మహాదేవప్ప గోనెపట్టా మీద కూర్చున్నాడు. ఆయన నిండుగా కూర్చునే చోట ఇతను మూలకు పెట్టిన చెంబులా ఉన్నాడు.

"నర్సింలూ, ఎత్తు!"

నర్సింలు సీటెక్కాడు. టిఫిన్ డబ్బా కోసం చూసుకున్నాడు, దొరకలేదు. ఈసారి బెల్టు పెట్టుకున్నాడు. తాళంచెవి తిప్పాడు. ఫోర్కులను సంచుల కిందికి పోనిచ్చాడు. నిన్నటి అంతే బరువు. లీవరు మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగి చూశాడు. చెయ్యి తీశాడు. మళ్లీ వేశాడు. మళ్లీ వెనక్కి చూశాడు.

"ఏమైందిరా?"

"సేటూ..." అన్నాడు నర్సింలు. "మీరు జర దిగుండ్రి. ఏమన్న అయితె మీ అమ్మకు నేను ఏం జవాబు చెప్పాలె?"

"అరే నర్సింలూ," అంది శరణమ్మ. గొంతు పెంచలేదు, అయినా షెడ్డు చివరి దాకా వినిపించింది. "సేటుకు దిగమన్నవు. మా బావకు ఒక్కనాడన్న గీ మాట అన్నవా?"

నర్సింలు తల వంచుకున్నాడు. సాల్మన్ తల వంచుకున్నాడు. నవ్విన ఆడవాళ్లు నవ్వు ఆపారు. మహాదేవప్ప మాత్రం తల ఎత్తాడు. రోజూ ఊరేగింపు దేవుడిలా కూర్చున్న ఆ గోనెపట్టాను, దాని కింది ఇనుమును, ఎదుటి తొట్టి గట్టు సిమెంటు అంచును, అన్నిటినీ ఆయన మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తర్వాత ఒక్క అడుగు ముందుకేసి, సేటు దిగడానికి చెయ్యి అందించాడు.

వికాస్ దిగాడు. చొక్కా దులుపుకున్నాడు. కాసేపు బోర్డు బొక్కలోని పిచ్చుకలను చూశాడు.

"సాల్మన్, దొంతర్లు సగం చెయ్యిన్రి" అన్నాడు. ఆఫీసు వైపు నడుస్తూ, వెనక్కి తిరగకుండానే, "తాళంచెవి శరణమ్మకియ్యి" అని కూడా అన్నాడు.

లారీ ఆలస్యంగా పోయింది. ముంబైకి మాత్రం చేరింది.

మిగిలిన సమస్య మహాదేవప్ప. బరువు ఉద్యోగం పోయింది, సంచులు మోసే మోకాళ్లు లేవు. రెండు మూడు రోజులు చాయ గ్లాసు పట్టుకుని గేటు దగ్గర ముభావంగా నిలబడ్డాడు. అప్పుడు శరణమ్మే సాల్మన్‌తో అంది, దొంతర ఎత్తినప్పుడు తనకు ముందు ఏమీ కనిపించదు, వెనక్కి వస్తుంటే ఎవరు అడ్డం ఉన్నారో తెలియదు, గొంతున్న మనిషి ఒకరు దూరంగా నిలబడి చెయ్యి చూపిస్తే బాగుంటుందని. గోదాంలో గొంతున్న మనిషి ఎవరో వేరే చెప్పాలా? ఒక విజిల్, ఒక ఎర్ర రుమాలు, తాపీగా నిలబడడానికి నీడలో ఒక జాగా. నిలబడి నిలబడి మోకాళ్లు నొస్తే కూర్చోవడానికి పాత కుర్చీ, దాని మీద ఆ గోనెపట్టాయే. ఇప్పుడు లారీ డ్రైవర్లు ఆయన విజిల్ వినకుండా గేటు దాటరు. నమస్తే యథాప్రకారం పెడుతున్నారు. బండి పలక మీద ఎవరైనా కుంకుమ వేలు పెట్టబోతే విజిల్ ఊది ఆపేది కూడా ఆయనే. మరదలితో మాత్రం ఆయనింకా నేరుగా మాట్లాడడు. విజిల్‌తోనే మాట్లాడతాడు. ఒకసారి ఊదితే రా, రెండుసార్లు ఊదితే ఆగు. తలుపు కంటే ఇదే నయమని ఆమె అనుకుంది.

ఇంట్లో పరిస్థితి ఇంత తొందరగా చక్కబడలేదు. మహాదేవప్ప భార్య లక్ష్మమ్మకు ఊరంతా తిరిగిన ముచ్చట చిట్టచివర అందింది. అందరూ విన్నాక తను వినడమే ఆమెకు సగం కోపం. కొన్నాళ్లు తోడికోడలితో మాట్లాడకుండా గిన్నెలతో మాట్లాడింది, దబదబా. ఒక సాయంత్రం నల్లా దగ్గర ఇద్దరూ బిందెలు పట్టుకుని నిలబడ్డప్పుడు ఆమెకు ఇక ఆగలేదు.

"ఏమే శరణీ, నెత్తి మీద కొంగు కప్పుకొని తిరిగినదానివి, నలుగుర్ల నిలబడి మొఖం మీదనే బావను దిగమన్నవట! మొగని అన్నతోని గట్ల ఎదురుంగ ఎవ్వరన్న మాట్లాడుతరా? మన ఇంటి మర్యాద యాడికి పోయిందే?"

శరణమ్మ నిండిన బిందె చంకకెత్తుకుంది. వీధి మలుపులో, మెడలో విజిల్‌తో, చెప్పులు రెండూ కాళ్లకే ఉండగా, మహాదేవప్ప మెల్లగా వస్తున్నాడు.

"యాడికి పోలె అక్కా, రోజూ పొద్దుమూకంగ బావతోని కలిసి నడుసుకుంట ఇంటికే వస్తున్నది."